పేజీకి ఇరవై

సుబేదారిలో కోర్టు గేటుకు ఎదురుగా
జిరాక్స్ మిషనుకూ గోడకూ నడుమ
ఒక్క కుర్చీ పట్టేంత జాగాలో నా డీటీపీ.
అఫిడవిట్లు, వీలునామాలు, విడాకులు,
పదహారేండ్లుగా ఎవరెవరి గోడో
పన్నెండు పాయింట్ల సైజులో కొడుతున్న.

మొన్న వకీలు శశిరేఖ మేడం ఒక కట్ట పెట్టి పోయింది.
రాష్ట్రం తేబోయే చట్టమట, ముసాయిదా,
తెలుగు ప్రతి సోమవారంకల్లా కావాలట.
పక్కన స్టూలు మీద ఒక పిల్లను కూర్చోబెట్టింది.
పరిహారం దరఖాస్తు ఆ పిల్లది.
ఏటూరునాగారం అవతలి నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది.
పేరు రాయను.
రాయొద్దని చట్టమే చెప్పింది.

"మానవ అక్రమ రవాణా నిరోధ..."
నేను కొడుతుంటే తెర మీదికి వంగి
కూడబలుక్కుని చదివింది.
"అక్రమ రవాణా అంటె
మా వాగుల ఇసుక లారీలను పడతరు, గదేనా అక్కా?"
అదే. రేషన్ బియ్యానికీ అదే మాట.
టేకు దుంగలకూ అదే.
"నన్నెవలు మొయ్యలే.
నా కాళ్లతోని నేనే నడిసిన.
కాజీపేటల రైలు నేనే ఎక్కిన,
కిటికి సీటు గావాల్నని కొట్లాడిన సుత."

కీబోర్డు మీద నా వేళ్లు కాసేపు
ఎవరివో అయినయి.

మిరపకాయ ఏరే కూలికని పిలిచిన మేస్త్రమ్మ
ఏనుమాముల మార్కెట్ బయట కాల్చిన మక్కకంకి కొనిచ్చింది,
గాజులేయించింది, టికెట్ తనే తీసింది.
రెండు రాత్రులు పోయినంక
వాగే లేని ఊరు, ఎటు చూసినా ఇసుకే.
పేరు అడగకుండానే పేరు పెట్టిండ్రు, పింకీ అని.
"గంతకన్న మా మిర్చే నయం,
కాంటా పెట్టేటప్పుడు బస్తా మీద
రైతు పేరన్న రాస్తరు."

తిరిగొచ్చినంక ఫైల్లో ఇంకో పేరు:
బాధితురాలు–3.
"ఒకటి, రెండు ఎవలక్కా?
ఆళ్లు సుత ఇంటికి అచ్చిండ్రా?"
నాకు తెలిసింది కేసు నంబరొక్కటే.

దరఖాస్తులో ఒక చోట
నమ్మకం కొట్టబోతే అమ్మకం పడింది.
దిద్దబోయిన.
"ఉండనియ్యక్కా,
ఏది రాసినా ఒక్కటే."
అయినా దిద్దిన. జడ్జి గారు తప్పులు పడతరు.

ముసాయిదా ఏడో పేజీలో పునరేకీకరణ.
నోరు తిరగని మాట, నాకే రెండుసార్లు తప్పు పడింది.
"అంటె?"
"మళ్లీ అందర్ల కలుపుడు."
చాలాసేపు ఏమీ అనలేదు.
బయట ఎవరో ఖైదీ పేరు మూడుసార్లు పిలిచిండ్రు.
"ఇంట్ల నా కంచం ఇంక ఏరేనే ఉన్నదక్కా.
మా అవ్వ కడుగుతది, తోముతది,
తీసి గూట్లె ఏరే పెడతది.
గది ఎన్నో పేజీల ఉన్నది?"

ఆఖరి పేజీలో
ఈ చట్టము ............ నాటి నుండి
అమలులోనికి వచ్చును.
చుక్కలు లెక్కపెట్టింది వేలితో. పన్నెండు.
"గిక్కడ ఏమొస్తది?"
"తారీఖు. పైనోళ్లు రాసుకుంటరు."
"మల్ల రాయకుంటె?"
ప్రింటర్ వేడెక్కుతోందని
అటు తిరిగిన.

దరఖాస్తు రెండు పేజీలయింది.
కింద సంతకం, అసలు పేరు,
ఒత్తులన్నీ పెట్టి నిదానంగా చేసింది.
కొంగు ముడి విప్పి నలభై తీసింది.
వద్దన్న. నువ్వేం ఇస్తవు బిడ్డా, పో అన్న.

ముఖం మారిపోయింది.
స్టూలు లోంచి లేచి గుమ్మం దిక్కు జరిగింది.
"తీస్కో అక్కా.
ఎవలన్న ఊకె ఏదన్న జేస్తె
నాకు బుగులైతది."

తీసుకున్న.
రెండు ఇరవై నోట్లూ ఆమె చూస్తుండగానే లెక్కపెట్టి,
సొరుగులో వేసి,
రసీదు అడగకపోయినా
రసీదు రాసిచ్చిన.